రేడియో బాగానే ఉంది, పవరే సరిగా లేదు: కొండ మీద టవర్ సైట్లలో నా అనుభవం

"వేలిముద్ర పడట్లేదు బాబూ."

చింతపల్లి దగ్గర ఒక కొండ ఊళ్లో, రేషన్ డిపో ముందు సంచి పట్టుకుని కూర్చున్న పెద్దావిడ నాతో అన్న మాట ఇది. ఆవిడ వేలికి ఏమీ కాలేదు, మిషన్‌కీ ఏమీ కాలేదు. ఆ మిషన్‌కి నెట్ అందించడానికి ఎదురుగా ఉన్న కొండ మీద నేను బిగించిన రేడియో ఆగిపోయింది. ఆవిడ మధ్యాహ్నం దాకా చూసి, ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుని నడుచుకుంటూ వెళ్లిపోయింది. ఊరు నాలుగు కిలోమీటర్ల దూరం, దారంతా ఎత్తుపల్లాలే. ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

మాది నర్సీపట్నం. ఫైబర్ వెళ్లలేని ఊళ్లకు రేడియో లింకులు బిగించడం నా పని. ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్న ఏజెన్సీ మండలాల్లో ఎక్కువగా తిరుగుతాను. మొదట్లో నా దృష్టి అంతా సిగ్నల్ మీదే ఉండేది. డిష్ ఏ కోణంలో పెట్టాలి, ఏ చెట్టు అడ్డం వస్తుంది, ఎన్ని ఎంబీపీఎస్ వస్తుంది, ఇవే ఆలోచనలు. పవర్ అంటే ప్లగ్గు పెట్టి స్విచ్ వేయడమే అనుకునేవాడిని. ఆ అభిప్రాయం మారడానికి రెండు కొండలు, రెండేళ్లు పట్టాయి. ఇలాంటి సైట్లు పెట్టేవాళ్లు మన జిల్లాల్లో చాలామందే ఉన్నారు కాబట్టి, నాకు జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మొదటి కొండ మీద అప్పటికే ఒక సెల్ టవర్ ఉంది. దాని మీద మా రేడియోలు పెట్టుకోవడానికీ, కింద టవర్ సామాను ఉండే గదిలో (షెల్టర్ అంటారు) ఒక మూల వాడుకోవడానికీ అద్దె మాట్లాడుకున్నాం. మా సామాను పెద్దదేమీ కాదు. కింద నుంచి నెట్ తెచ్చే పెద్ద రేడియో ఒకటి, ఊళ్ల వైపు తిప్పిన చిన్న రేడియోలు రెండు, వాటన్నిటినీ నెట్ తీగలతో కలిపే ఒక పీవోఈ స్విచ్ పెట్టె. పీవోఈ అంటే నెట్ తీగలోనే కరెంటు కూడా పంపే పద్ధతి. టవర్ పైకి వేరే కరెంటు తీగ లాగే పని ఉండదు.

షెల్టర్‌లో ఉన్న మామూలు 230 వోల్టుల ప్లగ్గుకే ఒక చిన్న ఇన్వర్టర్, దానికి బ్యాటరీ, ఆపైన అడాప్టర్లు పెట్టాను. ఇంట్లో వైఫైకి పెట్టుకున్నట్టే. మూడు నెలల్లో ఐదు అడాప్టర్లు కాలిపోయాయి. చాలా పొడవైన లైను చివర ఉన్న సైట్ కావడంతో సాయంత్రం అందరూ లైట్లు వేసుకునేసరికి వోల్టేజి 160కి పడిపోయేది. అర్ధరాత్రి దాటాక 270 దాకా ఎక్కేది. 240 వరకే రాసి ఉన్న అడాప్టర్ ఎన్నాళ్లని ఆగుతుంది? పైగా కరెంటు పోయి ఇన్వర్టర్ మీదికి మారే ఆ క్షణంలో స్విచ్ ఒకసారి చచ్చి బతికేది. అది మళ్లీ లేచి లింకులన్నీ కలిసేసరికి మూడు నాలుగు నిమిషాలు. కరెంటు రోజుకి పదిసార్లు పోతే ఏమవుతుందో లెక్క వేసుకోండి.

ఇంకో నష్టం నాకు ఆలస్యంగా అర్థమైంది. బ్యాటరీలో ఉన్నది డీసీ, ఒకే దిశలో పారే కరెంటు. దాన్ని ఇన్వర్టర్ ఏసీగా, అంటే ఇంటి ప్లగ్గులో వచ్చే రకంగా మారుస్తుంది. అడాప్టర్ మళ్లీ దాన్ని డీసీ చేస్తుంది. రెండుసార్లు మార్చడంలో కొంత పోతుంది, అది సరే. అసలు ఏ లోడూ లేకుండా ఆ ఇన్వర్టర్ ఒక్కటే ఎంత తింటోందని మీటర్ పెట్టి చూస్తే 18 వాట్లు. మా సామాను మొత్తం తీసుకునేది 45. అంటే బ్యాటరీలో నాలుగో వంతుకు పైగా ఇన్వర్టరే మింగేస్తోంది.

అప్పుడు షెల్టర్ చూసుకునే టెక్నీషియన్ ఒక మాట అన్నాడు. "అన్నా, పక్కనే పవర్ ప్లాంట్ పెట్టుకుని ఈ తిప్పలెందుకు? డీసీ బాక్సులో ఒక ఎంసీబీ ఖాళీగా ఉంది, మేనేజర్ గారిని అడిగి తీసుకో." పవర్ ప్లాంట్ అంటే టవర్‌కి డీసీ ఇచ్చే ఏర్పాటు, ఎంసీబీ అంటే కరెంటు హద్దు మీరితే దానంతటదే పడిపోయే స్విచ్. టవర్లు సాధారణంగా 48 వోల్టుల డీసీ మీదే నడుస్తాయి. ఈబీ (కరెంటు బోర్డు) సప్లై వచ్చినప్పుడు రెక్టిఫయర్లు దాన్ని డీసీ చేసి బ్యాటరీ బ్యాంకుకు ఎక్కిస్తాయి, కరెంటు పోతే బ్యాటరీ, అదీ దిగిపోతే డీజీ, అంటే డీజిల్ జనరేటర్. ఈబీ ఉన్నా పోయినా లోడుకు తేడా తెలియదు. మారే క్షణం అనేదే ఉండదు. పర్మిషన్ తీసుకున్నాను. నా స్విచ్ మీద కూడా 48 వోల్టుల డీసీ అనే రాసి ఉంది. ఇక కష్టాలు తీరినట్టే అనుకున్నాను.

స్విచ్‌ని బల్ల మీద పెట్టి తీగలు కలిపితే చక్కగా వెలిగింది. తీసుకెళ్లి ర్యాక్‌కి స్క్రూ బిగించాను. టప్‌మని ఎంసీబీ పడింది. విప్పితే పని చేస్తుంది, బిగిస్తే పడుతుంది. లోపల షార్ట్ ఉందేమోనని స్విచ్ విప్పి చూశాను, ఏమీ లేదు. చివరికి ర్యాక్‌కి తగలకుండా కింద చెక్క పలక వేసి దాని మీద పెట్టాను. వెలిగింది. హమ్మయ్య అనుకుని పైన రేడియో నుంచి వచ్చిన తీగ కనెక్టర్ పెట్టబోతే నిప్పురవ్వ వచ్చింది, మళ్లీ ఎంసీబీ పడింది. చేతులు వణికాయి. టెన్షన్‌తో ఆ పూటకి పని ఆపేశాను.

మా ఊళ్లో ఒక బాబాయ్ ఉన్నారు. టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీలో బ్యాటరీ గది చూసుకుని రిటైరయ్యారు. సాయంత్రం ఆయన అరుగు మీద కూర్చుని జరిగిందంతా చెప్పాను. ఆయన అడిగింది ఒక్కటే ప్రశ్న: "ప్లస్‌ని ఎర్త్ చేసి ఉంటారు, చూశావా?"

నేను చూడలేదు. కారులో, లారీలో, సోలార్ లైట్లలో, నేను చూసిన ప్రతిచోటా మైనస్సే బాడీకి కలిసి ఉంటుంది. టెలికాంలో తిరకాసు. ప్లస్ భూమికి కలిపి ఉంటుంది, లోడుకు వచ్చేది మైనస్ 48. పాత టెలిఫోన్ రోజుల నుంచి వస్తున్న పద్ధతి ఇది. తడి నేలలో వెళ్లే రాగి తీగ భూమి కంటే ప్లస్‌లో ఉంటే రాగి మెల్లగా కరిగి తినేసుకుపోతుంది. మైనస్‌లో ఉంటే ఆ తినేయడం బాగా తగ్గుతుంది. అందుకే పెద్దలు ప్లస్‌ని భూమికి కట్టేశారు.

నా స్విచ్ తయారైంది వేరే లోకానికి. దాని మైనస్ లోపలే ఇనుప డబ్బాకు కలిపేసి ఉంది. ఆ డబ్బాని ఎర్త్ చేసిన ర్యాక్‌కి బిగించగానే మైనస్ కూడా భూమికి చేరింది. ప్లస్ ముందే భూమిలో ఉంది. రెండూ కలిస్తే షార్టే కదా. చెక్క పలక మీద పెట్టినా తప్పలేదు. పైన రేడియో క్లాంపు టవర్‌కి తగిలి ఎర్త్ అయి ఉంది, నెట్ తీగ చుట్టూ ఉన్న షీల్డు ఆ ఎర్త్‌ని కిందికి మోసుకొచ్చి నా స్విచ్ డబ్బాకు అంటించింది. "షీల్డ్ లేని తీగ వాడితే సరిపోతుంది కదా బాబాయ్" అన్నాను. "పిడుగు పడ్డ రోజు ఏం చేస్తావురా?" అన్నారు ఆయన. ఆ మాటకి నా దగ్గర సమాధానం లేదు.

ఇన్‌పుట్టుకూ డబ్బాకూ సంబంధం లేకుండా తయారు చేసిన ఇండస్ట్రియల్ స్విచ్ కొన్నాం. ప్యానెల్ డబ్బాల్లో ఉండే ఇనుప పట్టీ (డిన్ రైలు) మీద బిగించేది, ఫ్యాను లేనిది, మైనస్ 40 నుంచి 75 డిగ్రీల దాకా తట్టుకుంటుందని రాసి ఉన్నది. ఖరీదు పాతదానికి నాలుగు రెట్లు. బిగించాం, ఎంసీబీ పడలేదు. రెండు వారాలు ఏ గొడవా లేదు.

ఆ తర్వాత రాత్రుళ్లు లింకు పోవడం మొదలైంది. పొద్దున లాగ్ చూస్తే రెండు చిన్న రేడియోలూ నిక్షేపంగా ఉన్నాయి, పెద్ద రేడియో మాత్రం రాత్రంతా ఆగుతూ లేస్తూ ఉంది. రేడియోనే పాడైందని మార్చాం. అదే వరస. తీగ మార్చాం, కొంచెం నయం అంతే. (ఆ తీగ సంగతి తర్వాత చెబుతాను.) చివరికి దుప్పటి, మల్టీమీటరు పట్టుకుని ఒక రాత్రి షెల్టర్‌లోనే పడుకున్నాను. పదకొండున్నరకి ఈబీ పోయింది. అప్పటిదాకా 54 చూపిస్తున్న మీటరు నిమిషాల్లో 50కి వచ్చింది. 49 దాటి కిందికి దిగాక, నా కళ్ల ముందే, పెద్ద రేడియో లైటు ఆరిపోయింది. చిన్నవి వెలుగుతూనే ఉన్నాయి.

పీవోఈలో తరగతులున్నాయని నాకు తెలుసు, కానీ వాట్లే చూశాను తప్ప వోల్టులు చూడలేదు. 2003లో వచ్చిన మొదటి ప్రమాణం, 802.3ఏఎఫ్, పోర్టు (స్విచ్‌లో తీగ దూర్చే చోటు) దగ్గర 15.4 వాట్లు ఇస్తుంది, అక్కడ 44 వోల్టులున్నా చాలు. 2009లో వచ్చిన 802.3ఏటీ 30 వాట్లు ఇస్తుంది, కానీ పోర్టు దగ్గర కనీసం 50 వోల్టులు ఉండాలి. రెండింటికీ పై హద్దు 57. చిన్న రేడియోలు మొదటి తరగతివి, పెద్దది రెండోది. నా స్విచ్ లోపలికి వచ్చిన వోల్టేజినే పోర్టుకు పంపేస్తుంది, పెంచి పంపదు. బ్యాటరీ మీదికి వెళ్లిన టవర్ సైట్‌లో 48, 47, 46 అన్నవి మామూలు అంకెలు. 24 సెల్లుల లెడ్ యాసిడ్ బ్యాంకు ఫ్లోట్‌లో, అంటే నిండి చార్జర్ మీదే ఉన్నప్పుడు, 54 ఉంటుంది, పూర్తిగా దిగేసరికి 43 దాకా వస్తుంది. బ్యాటరీకి అది సహజం. ఆ సహజమైన పనికే నా రేడియో ఆగిపోతోంది.

ఈబీ పోయినప్పుడే కదా ఊళ్లో వాళ్లకు నెట్ ఎక్కువ అవసరం అనిపించింది ఆ చీకట్లో కూర్చుంటే. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు నేను విశాఖలో ఉన్నాను. కరెంటు లేక ఫోన్లు మూగబోయిన ఆ రోజులు మర్చిపోలేను. ఇంటికి ఒక్క మాట చేరవేయలేక మా అమ్మ ఎంత ఏడ్చి ఉంటుందోనని కుమిలిపోయాను.

మందు ఏమిటంటే ఒక డీసీ నుంచి డీసీ కన్వర్టర్. లోపలికి 36 నుంచి 72 దాకా ఎంత వచ్చినా, బయటికి స్థిరంగా 55 ఇచ్చేది. ఇన్‌పుట్, అవుట్‌పుట్ మధ్య తీగ సంబంధం లేని ఐసొలేటెడ్ రకమే కావాలి. ఇది మొదటే పెట్టి ఉంటే ప్లస్ ఎర్త్ గొడవా ఉండేది కాదు, రాత్రి గొడవా ఉండేది కాదు. దాన్ని పెట్టిన రోజు నుంచి ఆ సైట్‌లో పవర్ వల్ల లింకు పోలేదు.

తీగ సంగతి ఇదీ. మార్కెట్లో సగం ధరకు దొరికే నెట్ తీగ నిజానికి రాగి పూత పూసిన అల్యూమినియం, మా వాళ్లు సీసీఏ అంటారు. బయటికి ఎర్రగానే కనిపిస్తుంది. బ్లేడుతో గీకితే తెల్లగా బయటపడుతుంది. రాగి కంటే దానికి నిరోధం ఒకటిన్నర రెట్లు పైనే. ఇంట్లో పది మీటర్లకు నడిచిపోతుందేమో గానీ, టవర్ మీద 60 మీటర్ల తీగలో పీవోఈ వెళ్లాలంటే వోల్టులు దారిలోనే అరిగిపోతాయి. అప్పటి నుంచి నా జేబులో బ్లేడు ఉంటుంది. కొట్లో గీకి చూసిగానీ కొనను. కొట్టువాళ్లకు కోపం వచ్చినా సరే.

రెండో కొండ కథ వేరు. అక్కడ టవర్ లేదు, ఈబీ లేదు, బండి వెళ్లే దారి కూడా లేదు. కింద ఉన్న నాలుగు ఊళ్లకు, ఒక ఆరోగ్య ఉపకేంద్రానికి నెట్ ఇవ్వాలంటే ఆ కొండే గతి. 15 మీటర్ల మాస్టు (ఇనుప స్తంభం) మేమే నిలబెట్టాం. ముక్కలుగా చేసి భుజాల మీద మోసింది ఆ ఊళ్ల కుర్రాళ్లే, వాళ్ల రుణం తీర్చుకోలేను.

సోలార్ తప్ప దారి లేదు. మా దగ్గర పనిచేసే కుర్రాడు, "అన్నా, 12 వోల్టుల హోమ్ లైటింగ్ సెట్టు పెట్టేద్దాం, చవకలో అయిపోతుంది" అన్నాడు. కాగితం మీద లెక్క వేసి చూపించాను. చెట్ల నీడ వల్ల ప్యానెళ్లు, బ్యాటరీ మాస్టుకు 35 మీటర్ల దూరంలో పెట్టాలి. రానూ పోనూ 70 మీటర్ల తీగ. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగలో సుమారు అర ఓము. 60 వాట్లు 12 వోల్టుల మీద పంపాలంటే 5 ఆంపియర్లు, దారిలోనే రెండున్నర వోల్టులకు పైగా పోతాయి. పన్నెండులో రెండున్నర! అదే 48 మీద అయితే ఒకటింపావు ఆంపియరే, పోయేది ముప్పావు వోల్టు లోపు. వాడు ఇంకేం మాట్లాడలేదు.

ఈసారి డబ్బాల మీద రాసిన వాట్లు నమ్మలేదు. సామాను అంతా ఇంట్లో వరండాలో పరిచి, మూడు రోజులు నడిపి, మీటర్‌తో కొలిచాను. సగటు 47, లింకు నిండా నడిచినప్పుడు 56. 60 పెట్టుకున్నాను. రోజుకి 1,440 వాట్ అవర్లు, అంటే యూనిట్టున్నర లోపే. ఇంట్లో ఒక ఫ్యాను తినేంత. కానీ ఆషాఢ శ్రావణాల్లో ఆ కొండ మీద రోజుల తరబడి మబ్బు వీడదు, పొగమంచులో ఎదుటి మనిషి కూడా కనపడడు. ఆ యూనిట్టున్నరే ఎక్కడి నుంచి తేవాలి?

బ్యాటరీ లిథియం ఐరన్ ఫాస్ఫేట్, 16 సెల్లులది, 100 ఆంపియర్ అవర్లు. మొత్తం 5.1 యూనిట్లు, అందులో 80 శాతమే వాడుకుంటే 68 గంటలు. సూర్యుడు అసలు కనపడకపోయినా మూడు రోజులకు కాస్త తక్కువ. లెడ్ యాసిడ్ అయితే అదే పనికి రెండు రెట్ల సామర్థ్యం కావాలి. అంత బరువు ఆ కొండ ఎవరు మోస్తారు? వాన రోజున మంచి ఎండతో సమానంగా రెండున్నర గంటలే దొరుకుతుందని లెక్క కట్టాను. మధ్యలో పోయే నష్టాలు కలిపితే 820 వాట్ల ప్యానెళ్లు చాలు. 330 వాట్లవి మూడు కొందామనుకున్నాను.

ఇక్కడ ఇంకో తప్పు చేయబోయి ఆగాను. మూడు ప్యానెళ్లు వరసగా కలిపితే లోడు లేనప్పుడు ఒక్కోటి 46 చొప్పున 138 వోల్టులు. ప్యానెళ్ల నుంచి బ్యాటరీకి కరెంటు ఎక్కించే నా చార్జ్ కంట్రోలర్ హద్దు 150. ఇంకా 12 మిగిలింది కదా అనుకున్నాను. కానీ ప్యానెల్ చల్లబడే కొద్దీ వోల్టేజి పెరుగుతుంది, డిగ్రీకి దాదాపు 0.3 శాతం. ఆ 46 అన్నది 25 డిగ్రీల దగ్గర లెక్క. మాకు దగ్గరలోనే లంబసింగి ఉంది. డిసెంబర్, జనవరి తెల్లవారుజామున అక్కడ గడ్డి మీద మంచు పేరుకుంటుంది. 0 డిగ్రీల దగ్గర పొద్దు పొడిచే వేళకి ఆ 138 కాస్తా 148 అవుతుంది. కంట్రోలర్ కాలిపోతే కొత్తది తేవడానికి కొండ దిగి ఎక్కాలి. అందుకే నాలుగు ప్యానెళ్లు కొని, రెండేసి చొప్పున రెండు వరసలు కలిపాను. వోల్టేజి ఎప్పుడూ వంద దాటదు, 1,320 వాట్లు కూడా వచ్చాయి. దక్షిణం వైపు 18 డిగ్రీల వాలు పెట్టాం, ఆ చోటు అక్షాంశం దాదాపు అంతే.

ఆ బ్యాటరీ నిండేటప్పుడు వోల్టేజి 57 దాటగలదు, పీవోఈ పై హద్దు దాటినట్టే. ఇక్కడ కూడా మధ్యలో ఆ కన్వర్టరే పెట్టాను. దాన్ని ఇక ఏ సైట్‌లోనూ వదలను.

అన్నిటికంటే ఎక్కువ రోజులు పట్టింది ఎర్త్. కొండంతా రాయి. గడ్డపార దిగదు. మొదటి పిట్ తవ్వి ఎర్త్ మెగ్గర్ (ఎర్త్ నిరోధం కొలిచే మీటరు) పెడితే 38 ఓములు. ఇది ఎంత తగ్గితే అంత మంచిది. మాస్టు చుట్టూ కాలువలా తవ్వి జీఐ పట్టీ (జింకు పూత పూసిన ఇనుప పట్టీ) పరిచాం. మట్టి ఉన్న వైపు ఇంకో రెండు పిట్లు తవ్వి, తేమ పట్టి ఉంచే బెంటొనైట్ మట్టి పోసి, అన్నీ ఒకదానికొకటి కలిపాం. 6కి దిగింది. ఐదు లోపు రావాలని నా పట్టుదల. ఇంకో పట్టీని వాగు వైపు లాగితే 4.2 వచ్చింది. పిడుగు కడ్డీ, మాస్టు, ప్యానెళ్ల ఫ్రేము, స్విచ్ పెట్టిన డబ్బా, అన్నీ ఆ ఒక్క ఎర్త్‌కే. వేటికవి విడివిడి ఎర్త్ పెడితే పిడుగు పడినప్పుడు రెండు ఎర్త్‌ల మధ్య వచ్చే వోల్టేజి మన సామాను గుండానే వెళుతుంది. నెట్ తీగకు పైన రేడియో దగ్గర ఒకటి, కింద డబ్బా దగ్గర ఒకటి సర్జ్ ప్రొటెక్టర్ పెట్టాం, పిడుగు వల్ల వచ్చే వోల్టేజిని సామాను దాకా రానివ్వకుండా భూమికి మళ్లించేది.

మే నెలలో ఒక సాయంత్రం పిడుగులతో పెద్ద వాన పడింది. లింకు పోయింది. తెల్లారగానే ఎక్కాను, కాళ్లు తడబడుతూ. పైన ఉన్న ప్రొటెక్టర్ మాడిపోయి నల్లగా ఉంది. రేడియో, స్విచ్, బ్యాటరీ, దేనికీ దెబ్బ తగలలేదు. కొత్తది మార్చి తీగ పెట్టగానే లింకు కలిసింది. బాబాయ్‌కి అక్కడి నుంచే ఫోన్ చేశాను, మా నెట్ మీద నుంచే.

చిన్న చిన్న బాధలు చాలా ఉన్నాయి. కోతులు తీగలు కొరికాయి, ఇనుప పైపులో దూర్చాం. డబ్బాలో చీమలు పుట్ట పెట్టాయి, తీగలన్నీ కింది వైపు నుంచే గ్లాండ్లతో (తీగ చుట్టూ బిగుసుకునే మూతలు) లోపలికి తెచ్చి సందులు మూశాం. ఎండకు డబ్బా లోపల 58 డిగ్రీలు చూపించింది. పైన జానెడు ఖాళీ వదిలి ఒక రేకు కప్పితే 45కి తగ్గింది. స్విచ్ 75 దాకా ఆగుతుంది కదా అనుకోవచ్చు, కానీ అంత వేడికి లోపలి సామాను త్వరగా ముసలిదైపోతుంది.

పోయిన ఆగస్టులో తొమ్మిది రోజులు ఏకధాటిగా వాన. బ్యాటరీలో ఎంత మిగిలిందో షంట్ మీటరు నా ఫోనుకు పంపుతుంది. (ఈ రకం బ్యాటరీకి వోల్టేజి చూసి అంచనా వేయడం కుదరదు, చివరిదాకా ఒకేలా ఉండి ఒక్కసారిగా పడిపోతుంది.) 100, 81, 70, 58... ఆరో రోజుకి 34. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. 20 శాతం దగ్గర చిన్న రేడియోల్లో ఒకదాన్ని ఆపి, ఉపకేంద్రం వైపు ఉన్నది మాత్రం ఉంచాలని ముందే సెట్ చేసి పెట్టాను. ఏడో రోజు మధ్యాహ్నం ఓ గంటన్నర మబ్బు పలచబడింది. బ్యాటరీ శాతం మళ్లీ కొంత పెరిగింది. అక్కడి నుంచి పడుతూ లేస్తూ తొమ్మిదో రోజు దాటేసింది. అసలు ఏదీ ఆపాల్సిన అవసరం రాలేదు.

వాన తగ్గాక ఉపకేంద్రం నర్సమ్మగారు ఫోన్ చేశారు. లింకు గురించి కాదు. కొండ మీదికి వెళ్లేటప్పుడు తమ దగ్గర టీ తాగి వెళ్లమని. వెళ్లాను. టీ తాగి, పైకెక్కి, ప్యానెళ్ల మీద పట్టిన పాచి కడిగి, ఎర్త్ బోల్టులు బిగించి దిగాను. చలి మొదలయ్యేలోపు మెగ్గర్ తీసుకెళ్లి ఎర్త్ ఇంకోసారి కొలవాలి.